స్ప్రింగ్ గేమ్ చూసి జట్టును అంచనా వేయొచ్చా? బంతిని కాసేపు వదిలి లైన్‌ను చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అమ్మాయి ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరింది. తనతో కలిసి మీరూ, మీ ఆవిడా మొదటిసారి స్టేడియంకి వెళ్లి అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు స్ప్రింగ్ గేమ్ చూశారు, అంటే వసంతంలో జట్టు తనే రెండుగా చీలి ఆడే ప్రాక్టీసు ఆట. ముందు వరుసలోవాళ్లు "ఈసారి డిఫెన్స్ గోడలా ఉంది" అన్నారు. వెనక వరుసలో కూర్చున్న పెద్దాయన "ఈ అఫెన్సివ్ లైన్‌తో నవంబర్‌లో మిషిగన్ మీద గెలవలేం" అన్నారు. (బంతి ఉన్నవాళ్లది అఫెన్స్, వాళ్లను ఆపేవాళ్లది డిఫెన్స్. అఫెన్స్‌లో అందరికంటే ముందు నిలబడి కాచే ఐదుగురే అఫెన్సివ్ లైన్. మిషిగన్ ఇక్కడివాళ్ల పాత ప్రత్యర్థి.) మీ అమ్మాయి స్నేహితులేమో రెండో జట్టు క్వార్టర్‌బ్యాక్‌నే (పాస్‌లు వేస్తూ అఫెన్స్‌ను నడిపేవాణ్ని) మొదటివాడిగా ఆడించాలంటున్నారు. ఎవరి మాట నమ్మాలి, ఆ రెండున్నర గంటల్లో నిజంగా ఏమైనా తెలుస్తుందా అని అడిగారు.

నేను 2006లో ఎమ్మెస్ కోసం ఈ యూనివర్సిటీ ఉన్న కొలంబస్ వచ్చాను. సీజన్ ఆటలకు టికెట్ కొనే స్తోమత అప్పట్లో లేదు. స్ప్రింగ్ గేమ్ టికెట్ చౌక. ఆ గుర్రపు నాడా ఆకారం స్టేడియంలోకి నేను మొదటిసారి అడుగుపెట్టింది అందుకే. కోవిడ్ వల్ల రద్దయిన 2020, ఊళ్లో లేని ఒకటి రెండేళ్లు తప్పిస్తే ఆ తరువాత ప్రతి వసంతంలోనూ వెళ్తున్నాను. చిన్న నోట్‌బుక్‌లో నంబర్లు రాసుకోవడం అలవాటు. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు వరుసవాళ్లూ, వెనక పెద్దాయనా చెప్పింది ఒకటే విషయం. స్ప్రింగ్ గేమ్‌లో రెండు వైపులా ఆడేది మనవాళ్లే. ఇంట్లో అన్నదమ్ములు పేకాట ఆడుకుంటే ఒకడు గెలిచిన డబ్బు ఇంకొకడి జేబులోదే కదా, ఇంటి ఆదాయం పెరగదు. డిఫెన్స్ గోడలా కనిపించిందంటే అఫెన్స్ ముందుకు కదల్లేదని. మన దగ్గర రంజీ జట్టు సీజన్‌కి ముందు తనే రెండుగా చీలి ఆడుకుంటుంది చూడండి, అందులో ఓపెనర్ సెంచరీ కొడితే బ్యాటింగ్ బాగుందనాలా, బౌలింగ్‌లో పస లేదనాలా? స్కోరు చూసి చెప్పలేం. ఒక్కో ఆటగాణ్ని విడిగా చూస్తేనే తెలుస్తుంది. అభిమానులు మాత్రం ఆశ ఎటు ఉంటే అటు, భయం ఎటు ఉంటే అటు లాగుతారు. మిషిగన్ చేతిలో 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగేళ్లు ఓడిన బాధ ఇక్కడివాళ్లలో ఇంకా పోలేదు. ఆ పెద్దాయన మాటలో సగం ఆ బాధే అయి ఉంటుంది.

క్వార్టర్‌బ్యాక్ సంగతికి వస్తాను, అందరూ ఎక్కువగా పొరబడేది అక్కడే.

2019 ఏప్రిల్. రయన్ డే పూర్తిస్థాయి హెడ్ కోచ్ అయ్యాక మొదటి స్ప్రింగ్ గేమ్. జార్జియా యూనివర్సిటీ జట్టు నుంచి జస్టిన్ ఫీల్డ్స్ అనే క్వార్టర్‌బ్యాక్ కుర్రాడు కొత్తగా వచ్చాడు, అందరి కళ్లూ అతని మీదే. ఆ రోజు 13 పాస్‌లు వేస్తే 4 మాత్రమే చేతుల్లో పడ్డాయి. మొత్తం 131 యార్డులు. అందులో 98 యార్డులు బింజిమెన్ విక్టర్‌కు వేసిన ఒక్క పాస్‌లోనే వచ్చాయి. అది తీసేస్తే మిగిలింది 33. అతనితో పోటీలో ఉన్న మరో క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ బాల్డ్విన్ 246 యార్డులు వేశాడు, రెండు టచ్‌డౌన్లు (బంతిని మైదానం అవతలి చివరకు చేర్చి చేసే స్కోరు). స్టేడియం నుంచి లేన్ అవెన్యూ మీదుగా నడిచి వస్తుంటే మా చుట్టూ అందరూ బాల్డ్విన్ పేరే తలుచుకున్నారు. మా మిత్రుల్లో ఇద్దరు ఫీల్డ్స్‌కి ఇంకో ఏడాది పడుతుందన్నారు. నేనూ తలూపాను.

ఆ సీజన్‌లో ఫీల్డ్స్ 41 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు, ప్రత్యర్థులకు చిక్కినవి మూడే. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఓటింగ్‌లో మూడో స్థానంలో నిలిచాడు. జట్టు వరసగా 13 ఆటలు గెలిచి, చివరికి క్లెమ్సన్ చేతిలో 29-23తో ఓడింది. బాల్డ్విన్ అయితే స్ప్రింగ్ గేమ్ అయిన కొద్ది రోజులకే జట్టు వదిలి వెళ్లిపోయాడు. మైదానంలో ఆ రోజు ఎవరు ఎన్ని యార్డులు వేసినా, మూసిన తలుపుల వెనక జరిగిన ప్రాక్టీసుల్లో ఎవరి స్థానం ఏమిటో ఆటగాళ్లకు ముందే తెలిసి ఉంటుంది.

అంత తేడా ఎలా వస్తుందో తెలియాలంటే ఈ ఆట ఎలా నడుస్తుందో చూడాలి. కాలేజీ జట్లకు వసంతంలో 15 ప్రాక్టీసులకే అనుమతి ఉంటుంది. స్ప్రింగ్ గేమ్ సాధారణంగా వాటిలో చివరిది. అంటే మనం చూసేది పదిహేనులో ఒకటి, అది కూడా టీవీలో వస్తుందని తెలిసి ఆడేది. సెప్టెంబర్‌లో ఎదురుపడే జట్ల కోచ్‌లు ఆ వీడియో చూస్తారు. అందుకని కోచ్‌లు పదునైన ఎత్తుగడలన్నీ దాచిపెట్టి, నాలుగైదు మామూలు ఎత్తులనే తిప్పి తిప్పి ఆడిస్తారు. క్వార్టర్‌బ్యాక్‌లకు వేరే రంగు జెర్సీ ఇస్తారు, వాళ్లను కింద పడేయకూడదు. డిఫెన్స్‌వాడు చేయి తగిలిస్తే చాలు, ఒక్కోసారి దగ్గరికి వస్తే చాలు, రెఫరీ విజిల్ వేసేస్తాడు. ఫీల్డ్స్ లాంటివాడి బలమంతా అలాంటి క్షణంలోనే ఉంటుంది. మీద పడబోయినవాణ్ని విదిలించుకుని పరిగెడతాడు. స్ప్రింగ్ గేమ్‌లో ఆ పరుగు మొదలవక ముందే ఆట ఆగిపోతుంది. కాళ్లతో ఆడే క్వార్టర్‌బ్యాక్ ఏప్రిల్‌లో ఎప్పుడూ సగమే కనిపిస్తాడు. అలాగే "ఇన్నిసార్లు శాక్ చేశాం" (పాస్ వేయక ముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడేశాం) అని డిఫెన్స్ లెక్క ఎవరైనా చెబితే అందులో చాలా వరకు విజిల్ లెక్కే.

పైగా పేరున్న ఆటగాళ్లు ఒకటి రెండు సార్లు దిగి పక్కకు వచ్చేస్తారు, గాయాల నుంచి కోలుకుంటున్నవాళ్లు అసలు దిగరు. మూడో క్వార్టర్ (ఆట నాలుగు భాగాల్లో మూడోది) వచ్చేసరికి మైదానంలో ఉన్నది ఎవరో పోల్చుకోవడానికి నంబర్ల కాగితం కావాలి. కొత్తగా చేరే కుర్రాళ్లలో కొందరు జనవరిలోనే వచ్చేస్తారు, మిగిలినవాళ్లు హైస్కూల్ పూర్తిచేసి వేసవిలో గానీ రారు.

ఇక పెద్దాయన తిట్టిన అఫెన్సివ్ లైన్. నిజానికి మీరు చూడాల్సింది దాన్నే. కాకపోతే ఆయన చూసిన పద్ధతిలో కాదు.

2014 తీసుకుందాం. అప్పుడు కోచ్ అర్బన్ మయర్. మొదటి క్వార్టర్‌బ్యాక్ బ్రాక్స్‌టన్ మిల్లర్ భుజానికి ఆపరేషన్ అయి ఆ వసంతం ఆడలేదు. ముఖ్యంగా కార్డేల్ జోన్స్, జె.టి. బారెట్ స్ప్రింగ్ గేమ్ ఆడారు. ఇద్దరూ తడబడ్డారు. మిల్లర్‌కి ఏమైనా అయితే ఇక మన గతేమిటని స్టాండ్స్‌లో అందరిదీ అదే టెన్షన్. వసంతం ముగిసేసరికి మిల్లర్ తరువాతి స్థానం జోన్స్‌ది. ఆగస్టులో బారెట్ అతన్ని దాటాడు. అదే ఆగస్టులో మిల్లర్ భుజం మళ్లీ దెబ్బతిని సీజన్ మొత్తం పోయింది.

అప్పుడు మేము ఎవ్వరమూ పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ ఏడాది లైన్‌లో ఉండే ఐదుగురిలో నలుగురు కొత్తవాళ్లు. ముందటేడు నుంచి మిగిలింది టేలర్ డెకర్ ఒక్కడే. లైన్ అంటే ఐదుగురు ఒక్క మనిషిలా కదలాలి. కొత్త ఎద్దుల్ని కాడికి కట్టినట్టు ఉంటుంది. ఏ ఎద్దుకా ఎద్దు బలమైనదే అయినా, అడుగు కలిసే దాకా బండి ఇటూ అటూ ఊగుతుంది. సెప్టెంబర్‌లో వర్జీనియా టెక్ మన స్టేడియానికే వచ్చి 35-21తో ఓడించి వెళ్లింది, బారెట్‌ని ఏడుసార్లు శాక్ చేసింది. ఆ రాత్రి స్టేడియంలో ఉన్నాను. ఏప్రిల్‌లో భయపడినవాళ్లంతా తాము ముందే చెప్పామన్నారు.

డిసెంబర్‌కి అదే లైన్ వేరేలా మారింది. మిషిగన్ ఆటలో బారెట్ చీలమండ విరిగింది, మూడోవాడైన జోన్స్ దిగాడు. అతని మొదటి పూర్తి ఆట విస్కాన్సిన్ మీద బిగ్ టెన్ (మన జట్టు ఉన్న లీగ్) ఫైనల్, 59-0తో గెలిచాం. తరువాత అలబామా మీద 42-35, ఒరెగాన్ మీద 42-20, జాతీయ ఛాంపియన్లు. ఆ మూడు ఆటల్లో రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) ఎజెకీల్ ఎలియట్ పరుగులు 220, 230, 246 యార్డులు. వాటిలో ఎన్నో యార్డులు ఆ లైన్ తెరిచిన దారుల్లోంచి వచ్చినవే. ఏప్రిల్‌లో కాడి కింద తూలిన ఎద్దులు వాళ్లే.

కాబట్టి వచ్చే ఏడాది స్ప్రింగ్ గేమ్‌కి వెళ్లినప్పుడు ఇలా చేయండి. కనీసం మొదటి క్వార్టర్ అంతా బంతి మీద నుంచి కళ్లు తీసేయండి. మొదట్లో కష్టమే, మెడ దానంతట అదే బంతి వైపు తిరుగుతుంది. లైన్‌లో ఒక్క మనిషిని ఎంచుకోండి. ఎడమ చివర నిలబడే టాకిల్ అయితే మంచిది, ఎందుకంటే కుడిచేతి క్వార్టర్‌బ్యాక్ పాస్ వేయడానికి తిరిగినప్పుడు అతని వీపును కాపాడేది ఆ మనిషే. స్నాప్ పడగానే, అంటే బంతిని వెనక్కి ఇచ్చి ఆట మొదలుపెట్టగానే, అతని మొదటి అడుగు ఎటు పడిందో చూడండి. ఎదుటివాడి చేతులు ముందు తగిలాయా, ఇతని చేతులు ముందు తగిలాయా చూడండి. మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టండి. మూడు దాకా ఎదుటివాణ్ని తన ముందే నిలబెట్టగలిగితే, ఆ పాస్ నేల మీద పడినా తప్పు లైన్‌ది కాదు.

పరుగు ఆటల్లో రన్నింగ్ బ్యాక్‌కి మొదటి దెబ్బ ఎక్కడ తగిలిందో చూడండి. లైన్ వెనకే తగిలితే ముందున్నవాళ్లు ఓడిపోయారు. లైన్ దాటి రెండు యార్డుల అవతల తగిలితే, ఆ ఆటలో వచ్చింది మూడు యార్డులే అయినా లైన్ తన పని చేసింది. ఇంకొకటి, డిఫెన్స్‌వాళ్లు ఇద్దరు కలిసి స్నాప్ పడ్డాక చోట్లు మార్చుకుని దూరడానికి చూస్తారు. అప్పుడు పక్కపక్కన ఉన్న గార్డ్ (లోపలివైపువాడు), టాకిల్ (చివరివాడు) తమ మనుషుల్ని ఒకరికొకరు అప్పగించుకోవాలి. ఆ అప్పగింత సాఫీగా జరుగుతోందంటే ఆ ఇద్దరూ ఎన్నో రోజులుగా పక్కపక్కన ఆడుతున్నారని అర్థం. ఇద్దరూ ఒక్కడి మీదకే వెళ్లి ఇంకొకణ్ని వదిలేస్తే ఇంకా జత కుదరలేదన్నమాట. స్ప్రింగ్ గేమ్‌లో నన్ను నిజంగా కలవరపెట్టేవి అలాంటివి. క్వార్టర్‌బ్యాక్ వేసిన ఒకటి రెండు తప్పు పాస్‌లు పెద్దగా కావు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. జట్టును స్కార్లెట్, గ్రే అని రెండుగా పంచినప్పుడు సెప్టెంబర్‌లో కలిసి ఆడాల్సిన ఐదుగురు ఒకే వైపు ఉండకపోవచ్చు. ఒక వైపు టాకిల్ మూడో జట్టువాడు, అతని ఎదురుగా నిలబడ్డవాడు రేపు ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పోయేవాడు కావచ్చు. ఆ పోరులో ఎవరు గెలిచారన్నది వార్త కాదు. ఆ మూడో జట్టు కుర్రాడు నాలుగుసార్లు ఓడి అయిదోసారి నిలబెట్టగలిగితే మాత్రం ఆ నంబరు రాసుకుంటాను. వెనక పెద్దాయన అన్నది నిజమో కాదో తేల్చాలంటే, ఆయన చూసినప్పుడు లైన్‌లో ఉన్న ఐదుగురు ఎవరో ముందు తెలియాలి.

మిగతావి త్వరగా చెబుతాను. కిక్కర్‌ని నమ్మొచ్చు, గోల్ కర్రల మధ్య నుంచి బంతి పోవడానికి ఎదుటి జట్టు ఎవరైనా ఒకటే. కిక్ రిటర్న్‌లు వదిలేయండి, చాలాసార్లు పూర్తిగా ఆడనే ఆడరు. లైన్ మధ్యలో ఉండే సెంటర్ నుంచి క్వార్టర్‌బ్యాక్‌కి వచ్చే స్నాప్ పదేపదే పక్కకు పోతుంటే అది మాత్రం సమస్యే. కొత్త కుర్రాళ్ల హెల్మెట్ మీద నల్ల చార ఉందో లేదో చూడండి. 2012లో మయర్ పెట్టిన ఆచారం ఇది. కొత్తగా చేరినవాడు ప్రాక్టీసులో తనను తాను నిరూపించుకునే దాకా ఆ చారతోనే ఉంటాడు, తరువాత జట్టు అందరి ముందూ దాన్ని తీసేస్తారు. 2024 వసంతంలో తన బ్యాచ్‌లో అందరికంటే ముందు ఆ చార పోగొట్టుకున్నవాడు జెరెమయా స్మిత్. ఆ సీజన్ జాతీయ ఫైనల్‌లో నోట్ర డామ్ మీద, థర్డ్ డౌన్‌లో (మూడో ప్రయత్నంలో) 11 యార్డులు కావాల్సినప్పుడు 56 యార్డుల పాస్ పట్టుకుని ఆటను గెలిపించింది అతనే. స్ప్రింగ్ గేమ్ గణాంకాల కంటే ఆ చార ఎప్పుడు పోయిందన్నది నాకు ఎక్కువ చెబుతుంది. ఎందుకంటే అది మనం చూడని ప్రాక్టీసుల్లో కోచ్‌లు, తోటి ఆటగాళ్లు ఇచ్చిన తీర్పు.

మీ అమ్మాయి స్నేహితులు మెచ్చుకుంటున్న రెండో క్వార్టర్‌బ్యాక్ గురించి. 2023 ఏప్రిల్‌లో కొలరాడో స్ప్రింగ్ గేమ్ గుర్తు చేసుకోండి. ముందటేడు 12 ఆటల్లో ఒక్కటే గెలిచిన జట్టు అది. డియాన్ సాండర్స్ కోచ్‌గా వచ్చాడని మంచులో 47,277 మంది వచ్చారు. ఆ రోజు అందరినీ లేపి నిలబెట్టిన ఆట, షెడూర్ సాండర్స్ నుంచి మోంటానా లెమోనియస్-క్రెయిగ్‌కు 98 యార్డుల పాస్. పాస్ పట్టిన ఆ రిసీవర్ వెంటనే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (జట్టు మారాలనుకునేవాళ్ల జాబితాలో) పేరు ఇచ్చి అరిజోనాకు వెళ్లిపోయాడు. స్టాండ్స్‌లో చప్పట్లు కొట్టినవాళ్లు అతన్ని ఆ జట్టు జెర్సీలో మళ్లీ చూడలేదు. జట్టు ఆ సీజన్‌లో నాలుగు గెలిచి ఎనిమిది ఓడింది.

ఈ వలసల భయంతోనే స్ప్రింగ్ గేమ్ తీరు మారిపోతోంది. 2025లో నెబ్రాస్కా మామూలు స్ప్రింగ్ గేమ్ వద్దనుకుంది, మన ఆటగాళ్లను టీవీలో చూపించి ఇతర జట్లు ఎగరేసుకుపోయేలా చేయడం ఎందుకన్నది ఆ కోచ్ వాదన. ముందటి సీజన్ 16 ఆటలు ఆడి అలసిన టెక్సస్ కూడా ఆపేసింది. ఆ ఏప్రిల్‌లో టెనెసీ క్వార్టర్‌బ్యాక్ నికో యామలియావా, డబ్బు ఒప్పందం గురించి వార్తలు వస్తుండగా, స్ప్రింగ్ గేమ్ ముందు రోజు ప్రాక్టీసుకు రాలేదు. జట్టు అతను లేకుండానే ముందుకు వెళ్లింది. ఆ తరువాత కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ వసంతంలో ఉండే ట్రాన్స్‌ఫర్ గడువును తీసేసి జనవరిలో ఒక్కటే ఉంచింది. అది మంచి పనే. ఏప్రిల్‌లో బాగా ఆడిన కుర్రాడు మే నాటికి ఇంకో ఊళ్లో ఉంటాడేమోనన్న బెంగ చాలావరకు తగ్గింది. మీ అమ్మాయి స్నేహితులు మెచ్చిన కుర్రాడు ఆగస్టు ప్రాక్టీసుల దాకా ఇక్కడే ఉండే అవకాశం ఎక్కువ. అతని సంగతి నిజంగా తేలేది అప్పుడే, బారెట్ విషయంలో తేలినట్టు.

వెళ్లడం దండగేమో అని కూడా అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోలేను. 2016లో ఇదే స్టేడియంలో స్ప్రింగ్ గేమ్‌కి 1,00,189 మంది వచ్చారు. స్ప్రింగ్ గేమ్‌లలో ఇప్పటికీ అదే రికార్డు. జట్టును అంచనా వేయడానికే అంతమంది రారు. నవంబర్ టికెట్ కొనలేని కుటుంబాలు వస్తాయి, ఐదేళ్ల పిల్లలు తాతల భుజాల మీద కూర్చుని ఒహాయో ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో సగం, ఓ-హెచ్ అని అరిస్తే అవతలి స్టాండ్ నుంచి ఐ-ఓ అని జవాబు వస్తుంది. నాకు ఆ అరుపు నేర్పింది స్ప్రింగ్ గేమే. ఈ ఊళ్లో నేను పరాయివాణ్ని కాదని మొదటిసారి అనిపించింది ఆ మధ్యాహ్నమే.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 2013 ఏప్రిల్‌లో లింకన్‌లో నెబ్రాస్కా స్ప్రింగ్ గేమ్. మెదడులో కేన్సర్‌తో పోరాడుతున్న ఏడేళ్ల జాక్ హాఫ్‌మన్‌కు నాలుగో క్వార్టర్‌లో జెర్సీ వేసి, హెల్మెట్ పెట్టి, మైదానంలోకి తెచ్చారు. బంతి చేతికిచ్చారు. మొదట ఎటు పరిగెత్తాలో తెలియక తిరిగాడు, క్వార్టర్‌బ్యాక్ దారి చూపించాడు. 69 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు, రెండు వైపుల ఆటగాళ్లూ వెనకే పరిగెత్తి వచ్చి అతన్ని ఎత్తుకున్నారు. గెలుపోటములు లెక్కలోకి వచ్చే ఆటలో అది జరిగేది కాదు. ఆ పిల్లవాడు 2025 జనవరిలో, పంతొమ్మిదేళ్లకే, చనిపోయాడు. ఆ వార్త చదివిన రోజు ఆ వీడియో మళ్లీ పెట్టుకుని చూశాను. మా ఇంట్లో ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

మీరు ఇప్పుడు చేయదగిన పని ఒకటి. మీకు గుర్తున్న మూడు నంబర్లు కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఒకటి లైన్‌లో, ఒకటి డిఫెన్స్‌లో, ఒకటి ఆ రెండో క్వార్టర్‌బ్యాక్‌ది. సీజన్ మొదలయ్యాక మొదటి మూడు ఆటల్లో ఆ ముగ్గురు ఎంతసేపు మైదానంలో ఉన్నారో మీ అమ్మాయిని లెక్కపెట్టమనండి. మొదటి క్వార్టర్‌లో లైన్ ఎడమ చివర ఏ నంబరువాడు ఉన్నాడో గుర్తుంటే ఇక్కడ రాయండి. నా నోట్‌బుక్‌లో ఉన్నదీ నేను పెడతాను, పెద్దాయన భయానికి కారణం ఉందో లేదో కలిసి చూద్దాం.